కాటా లెక్క సున్నా ఎందుకొచ్చింది: విండోస్ మీద బాష్ స్క్రిప్టు, ఒక కేస్ స్టడీ

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని నేను చూస్తాను. ఆఫీసు గదిలో ఒక మూలన ఒక పాత లినక్స్ పెట్టె ఉండేది. రోజూ రాత్రి 9 గంటలకు అందులో ఒక బాష్ స్క్రిప్టు, అంటే కమాండ్లను వరసగా నడిపే ఫైలు, నడిచేది. కాటా కంప్యూటరు నుంచి ఆ రోజు తూకాల సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలుండే మామూలు రాత ఫైలు) తెచ్చుకోవడం, లాట్ల వారీగా టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు లెక్కగట్టడం, రిపోర్టు తయారుచేసి ఫైలును ఆర్కైవులో పెట్టడం దాని పని. 300 లైన్ల పైచిలుకు స్క్రిప్టు. నాలుగు సీజన్లు దాని జోలికి ఎవరూ వెళ్లలేదు.

మార్చిలో, సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో, ఒక శుక్రవారం ఆ పెట్టె మదర్‌బోర్డు పోయింది. ఓనరు గారు ఒకటే మాట అన్నారు: "ఇప్పుడు కొత్త మిషన్ వద్దు, ఆ కాటా కంప్యూటరులోనే నడిపించు." కాటా కంప్యూటరు విండోస్ 10. స్క్రిప్టు పుట్టి పెరిగింది లినక్స్‌లో. శనివారం పొద్దున మొదలైన ఈ పని బుధవారం దాకా నడిచింది. ఆ ఐదు రోజుల్లో ఏ తప్పు ఎలా కనబడిందో, అసలు కారణం ఎక్కడ దొరికిందో రాస్తున్నాను. ఇలాంటి పని నెత్తిన పడినవాళ్లు ముందు స్క్రిప్టునే అనుమానిస్తారు. నేనూ అదే చేశాను. ఇక్కడ దొరికిన కారణాల్లో చాలావరకు స్క్రిప్టు లోపల లేవు, దాని చుట్టూ ఉన్నాయి.

సిగ్విన్ ఎందుకు

మొదట విండోస్‌లోని లినక్స్ సబ్‌సిస్టమ్, అంటే డబ్ల్యూఎస్ఎల్ పెడదామనుకుని ఆ ఫీచర్ ఆన్ చేశాను. దాని రెండో వెర్షన్ లోపల ఒక వర్చువల్ మిషన్ నడుపుతుంది. ఈ కంప్యూటరుకు ఉన్నదే 4 జీబీ ర్యామ్, అందులో కాటా సాఫ్ట్‌వేర్ పగలంతా నడవాలి. పైగా మా ఫైళ్లన్నీ విండోస్ డ్రైవుల్లో ఉన్నాయి. డబ్ల్యూఎస్ఎల్ రెండో వెర్షన్ నుంచి వాటిని చదవడం నిదానం. అందుకని లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఏదీ దించకుండానే వదిలేశాను. ఆన్ చేసిన ఫీచర్‌ని మాత్రం ఆఫ్ చేయలేదు. దాని ఫలితం ఆదివారం రాత్రి తెలిసింది.

విండోస్ సొంత స్క్రిప్టు భాష పవర్‌షెల్‌లో తిరగరాయవచ్చు కదా అని అడుగుతారు. సీజన్ మధ్యలో, రైతుల సరుకు లెక్క ఆధారపడిన స్క్రిప్టును మొదటి నుంచి రాయడం నాకు ఇష్టం లేదు. పాత తప్పులు కనీసం తెలిసిన తప్పులు.

చివరికి సిగ్విన్ పెట్టాను. 1995లో సిగ్నస్ కంపెనీలో మొదలైన పని ఇది. బాష్, ఆక్, గ్రెప్ లాంటి యూనిక్స్ ప్రోగ్రాములను విండోస్ కోసం మళ్లీ కంపైల్ చేసి ఇస్తారు. అవి అడిగే యూనిక్స్ సదుపాయాలను ఒక డీఎల్‌ఎల్ ఫైలు విండోస్ భాషలోకి మార్చి చెబుతుంది. వర్చువల్ మిషన్ అక్కర్లేదు. సీ డ్రైవు అక్కడ "సిగ్‌డ్రైవ్" అనే ఫోల్డరు కింద "సీ" అని కనిపిస్తుంది. చిన్న కంప్యూటరుకు ఇదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

శనివారం: రెండో లైనులోనే

స్క్రిప్టు నా గిట్ రిపాజిటరీలో, అంటే ఫైళ్లను మార్పులతో సహా దాచుకునే చోట, ఉంది. కాటా కంప్యూటరులో గిట్ పెట్టి దించుకుని నడిపాను. రెండో లైను దగ్గరే ఆగింది. డాలర్ గుర్తు, కోట్, బ్యాక్‌స్లాష్ ఆర్, మళ్లీ కోట్, ఆ పక్కన "కమాండ్ నాట్ ఫౌండ్". రెండో లైను తెరిచి చూస్తే అది ఖాళీ లైను. ఖాళీ లైనులో దొరకని కమాండ్ ఏముంటుంది?

ఆ ఖాళీ లైను నిజంగా ఖాళీ కాదు. అందులో కంటికి కనబడని ఒక బైటు ఉంది, దాని అంకె 13. పేరు క్యారేజ్ రిటర్న్. టెలిటైపు మిషన్ల కాలంలో లైను అయిపోగానే మిషన్‌కు రెండు ఆజ్ఞలు ఇవ్వాల్సి వచ్చేది. అచ్చు వేసే తలను ఎడమ చివరకు తీసుకురావడం ఒకటి, కాగితాన్ని ఒక లైను పైకి జరపడం రెండోది. మొదటిదాని కోడ్ 13, రెండోదాని కోడ్ 10. యూనిక్స్ ఫైల్లో 10 ఒక్కటే ఉంచి, మిగతాది టెర్మినల్ చూసుకుంటుందని వదిలేసింది. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ రెండింటినీ ఫైల్లోనే ఉంచింది, ఆ అలవాటే విండోస్‌కు వచ్చింది. బాష్ దృష్టిలో 13 ఒక మామూలు అక్షరం. ఖాళీ లైనులో అది ఒంటరిగా కనబడితే అదే కమాండ్ పేరు అనుకుని వెతుకుతుంది.

నా ఫైల్లోకి అది ఎలా వచ్చింది? విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లైను చివరల గురించి ఒక ప్రశ్న అడుగుతుంది. ముందే టిక్ పెట్టి ఉన్న జవాబు, ఫైళ్లు దించేటప్పుడు విండోస్ పద్ధతికి మార్చమని. నేను నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాను. రిపాజిటరీలో శుభ్రంగా ఉన్న స్క్రిప్టు డిస్కు మీదికి వచ్చేసరికి ప్రతి లైను చివరా 13 తగిలించుకుని వచ్చింది.

డాస్‌టుయూనిక్స్ కమాండ్‌తో సరిచేశాను. అంతటితో ఆగితే మళ్లీ దించినప్పుడల్లా ఇదే తంతు. అందుకే రిపాజిటరీలో గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లు ఏ కంప్యూటరులో దించినా లైను చివర 10 మాత్రమే ఉండాలని రాశాను. సిగ్విన్ బాష్‌లో ఇగ్న్‌సీఆర్ అని ఒక ఆప్షన్ కూడా ఉంది, స్క్రిప్టులోని 13లను పట్టించుకోవద్దని చెబుతుంది. నేను వాడలేదు. ఫైలు పాడుగా ఉందని తెలిశాక ఫైలునే బాగుచేయాలని నా అభిప్రాయం. ఇదే స్క్రిప్టు రేపు మళ్లీ లినక్స్‌కి వెళ్లవచ్చు, అక్కడ ఆ ఆప్షన్ ఉండదు.

శనివారం సాయంత్రం: అన్నీ సున్నాలు

ఇప్పుడు స్క్రిప్టు చివరిదాకా నడిచింది. ఎర్రర్ ఒక్కటీ లేదు. గడిచిన వారం ఫైళ్ల కాపీలు ఒక ఫోల్డరులో పెట్టి పరీక్షించాను. రిపోర్టు వచ్చింది, లాట్ నంబర్లు వచ్చాయి, ప్రతి లాటు ఎదురుగా టిక్కీలు సున్నా, బరువు సున్నా.

ఎర్రర్ వచ్చి ఆగిపోయే స్క్రిప్టు కంటే ఇది చాలా ప్రమాదం. ఆ రిపోర్టు మీదే గది అద్దె లెక్క కడతారు. సరుకు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకునే రైతుకు ఇచ్చే రసీదూ ఆ అంకెలతోనే తయారవుతుంది. సున్నా కాబట్టి కనబడింది. అదే సగం అంకె వచ్చి ఉంటే?

సీఎస్‌వీలో ప్రతి తూకానికి ఒక లైను. చీటీ నంబరు, లాటు, టిక్కీలు, లోడు బరువు, ఖాళీ బండి బరువు, చివర ఒక అంకె. బండి రెండు తూకాలూ అయిపోతే ఆ అంకె 1, సరుకు దించి ఇంకా ఖాళీ బండి తూకానికి రాకపోతే 0. స్క్రిప్టు ఆ చివరి గడి 1 అయితేనే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్క లైనూ లెక్కలోకి రాలేదంటే ఒక్క గడి కూడా 1తో సమానం కాలేదన్నమాట. కానీ ఫైలు తెరిచి చూస్తే అన్నీ 1లే.

లాటు నంబరు, ఆ పక్కన చదరపు బ్రాకెట్లలో చివరి గడి అచ్చువేయమని స్క్రిప్టులో ఒక లైను చేర్చాను. 417వ లాటుకు రావాల్సింది ఇది:

417 [1]

తెర మీద వచ్చింది ఇది:

]17 [1

చాలాసేపు చూశాను ఆ లైనును. మూసే బ్రాకెట్ చివర లేదు, మొదట్లో 4ను తుడిచేసి దాని స్థానంలో కూర్చుంది. 1 తర్వాత 13 ఉంది. టెర్మినల్ అది చూడగానే టెలిటైపు మిషన్ లాగే లైను మొదటికి వెళ్లింది, తర్వాత అక్షరాన్ని అక్కడ వేసింది. బాష్ పోలుస్తున్నది 1ని 1తో కాదు, 1ని "1, ఆపైన 13"తో. రెండూ సమానం కావు. బాష్ తప్పేం చేయలేదు.

అనుమానం తీర్చుకోవడానికి క్యాట్ కమాండ్‌ను పెద్ద ఏ ఆప్షన్‌తో నడిపాను. ప్రతి లైను చివరా టోపీ గుర్తు, ఎం అక్షరం, ఆ తర్వాత డాలర్. ఈ ఆప్షన్ 13ను చూపించేది అలాగే. మామూలుగా అయితే డాలర్ ఒక్కటే ఉండాలి.

సమస్య తెలిసింది కానీ నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. కాటా సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ విండోస్‌లోనే నడుస్తోంది. ఈ 13లు నాలుగు సీజన్లుగా ఫైల్లో ఉన్నవే. మరి పాత పెట్టెలో లెక్క ఎలా సరిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కుండా ముందుకెళితే, పాత ఏర్పాటులో ఇంకేం పని జరిగేదో నాకు తెలియనట్టే.

పాత స్క్రిప్టు మొదటి 20 లైన్లు మళ్లీ చదివాను. ఈ ఫైళ్లు ఇక ఒకే కంప్యూటరులో ఉన్నాయి కదా అని నేను తీసేసిన భాగం అది. అందులో కాటా కంప్యూటరు నుంచి ఎఫ్‌టీపీ ద్వారా ఫైలు తెచ్చే కమాండ్లున్నాయి. యూజరు పేరు, ఫోల్డరు, వాటి మధ్య ఒంటరిగా ఒక మాట: ఆస్కీ.

ఎఫ్‌టీపీలో ఫైలు రెండు పద్ధతుల్లో వస్తుంది. బైనరీ అంటే ఉన్నది ఉన్నట్టు. ఆస్కీ అంటే ఇది మామూలు రాత ఫైలు, లైను చివరలు తెచ్చుకునేవాడి పద్ధతికి మార్చు అని. లినక్స్ పెట్టె ఆస్కీ పద్ధతిలో తెచ్చుకున్నప్పుడల్లా 13లు దారిలోనే రాలిపోయేవి. ఆ మాట రాసింది నేనే, ఎందుకు రాశానో గుర్తులేదు. నాలుగు సీజన్ల పాటు రోజూ ఫైలును కడిగి ఇచ్చింది ఆ ఒక్క మాట. ఎఫ్‌టీపీ అక్కర్లేదని తీసేసినప్పుడు కాపీ చేసే పనిని తీసేస్తున్నాననుకున్నాను. శుభ్రం చేసే పనీ దాంతోపాటే పోయింది.

ఎక్కడ సరిచేయాలన్నది తర్వాతి ప్రశ్న. పోల్చే ప్రతి చోటా 13ను తీసేయవచ్చు, కానీ అలాంటి చోట్లు పదకొండు ఉన్నాయి, ఒకటి మరిచిపోతే మళ్లీ ఇదే కథ. అందుకని గుమ్మం దగ్గరే కడిగాను. కాటా ఫోల్డరు నుంచి ఫైలు పని ఫోల్డరులోకి వచ్చేటప్పుడే టీఆర్ కమాండ్ 13లను తీసేస్తుంది. ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చిన ఏ ఫైల్లోనూ 13 ఉండదు, మిగతా స్క్రిప్టు నిశ్చింతగా ఉండవచ్చు. ఆ రాత్రి వారం రోజుల లెక్కా పాత రిపోర్టులతో టిక్కీ తేడా లేకుండా సరిపోయింది.

ఆదివారం: చేత్తో నడిపితే నడుస్తుంది

చెప్పిన టైముకు ప్రోగ్రాములు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి 9 గంటలకు పెట్టాను. ప్రోగ్రాము గడిలో బాష్ అని, ఆర్గ్యుమెంట్లలో స్క్రిప్టు దారి. 9 దాటింది, రిపోర్టు లేదు. అకౌంటెంటు గారు ఫోన్ చేశారు. ఆయన మా నాన్న వయసువారు, నేను బాబాయ్ అనే పిలుస్తాను.

"బాబూ, రిపోర్టు రాలేదేం? నువ్వు నిన్న నడిపితే వచ్చిందిగా."

"వచ్చింది బాబాయ్. నేను నడిపితే వస్తోంది, అది నడిపితే రావట్లేదు. పొద్దున్నే వస్తాను, మీరు పడుకోండి."

సోమవారం పొద్దున చేత్తో నడిపి ముందు ఆయనకు రిపోర్టు ఇచ్చాను, తర్వాత కారణం వెతికాను. షెడ్యూలర్ నడిపినప్పుడు తెర ఉండదు కాబట్టి ఎర్రర్లు గాలిలో కలిసిపోతాయి. వాటిని ఒక లాగ్ ఫైల్లోకి మళ్లించడం మొదట చేయాల్సిన పని. అది చేయగానే సంగతి బయటపడింది: ఈ కంప్యూటరులో లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఏవీ లేవు అన్న సందేశం. సిగ్విన్ ఇలా మాట్లాడదు, ఇది డబ్ల్యూఎస్ఎల్ మాట.

ఆ ఫీచర్ ఆన్ చేసిన రోజే సిస్టమ్32 ఫోల్డరులోకి బాష్ అనే పేరుతో ఒక ప్రోగ్రాము వచ్చింది. అది డబ్ల్యూఎస్ఎల్‌ను లేపే చిన్న ప్రోగ్రాము. నేను సిగ్విన్ విండో తెరిచి పనిచేసినప్పుడు దాని ఫోల్డర్లు పాత్ వరసలో, అంటే కమాండ్ల కోసం కంప్యూటరు వెతికే ఫోల్డర్ల జాబితాలో, మొదట ఉంటాయి. షెడ్యూలర్‌కు సిగ్విన్ ఊసే తెలియదు, సిస్టమ్32 మొదట దొరుకుతుంది. పేరు ఒకటే, మనిషి వేరు.

బాష్‌కు పూర్తి దారి ఇచ్చాను. ఈసారి లాగ్‌లో ఇంకో మాట: "ఫైండ్: పారామీటర్ ఫార్మాట్ నాట్ కరెక్ట్". మళ్లీ అదే జబ్బు, ఒక మెట్టు కింద. బాష్ సరైనదే లేచింది కానీ దానికి పాత్ విండోస్‌దే అందింది. స్క్రిప్టు ఫైళ్ల కోసం ఫైండ్ అని పిలిస్తే విండోస్ ఫైండ్ పలికింది. అది ఫైళ్లను వెతికేది కాదు, ఫైళ్ల లోపల మాటలు వెతికేది. యూనిక్స్ ఆప్షన్లు దానికి అర్థం కావు. సార్ట్ కూడా రెండు చోట్లా ఉంది, అదే పేరుతో. టైప్ కమాండ్‌ను చిన్న ఏ ఆప్షన్‌తో నడిపితే ఆ పేరుతో పాత్‌లో ఉన్న వాళ్లందరినీ వరసగా చూపిస్తుంది. లాగ్‌లోకి ఆ నాలుగు లైన్లు రాయిస్తే గంటల తరబడి తల బద్దలు కొట్టుకునే పని ఉండదు.

బాష్‌ను లాగిన్ షెల్‌గా లేపే ఎల్ ఆప్షన్ ఇస్తే సిగ్విన్ తన పాత్ తనే సరిచేసుకుంటుంది. అది ఇచ్చాక మూడో ఎర్రర్: ఫోల్డరు దొరకలేదు. లాగిన్ షెల్ మొదలవగానే హోమ్ ఫోల్డరుకు వెళ్లిపోతుంది, షెడ్యూలర్‌లో "స్టార్ట్ ఇన్" గడిలో మనం ఏం రాసినా సరే. నా స్క్రిప్టు తాను ఉన్న ఫోల్డరులోనే నడుస్తున్నానని నమ్ముకుంది. మొదట్లోనే సొంత ఫోల్డరుకు వెళ్లే లైను రాశాను. ఈ లైను లినక్స్‌లో కూడా మొదటి రోజు నుంచీ ఉండాల్సింది.

సోమవారం రాత్రి 9 గంటల 2 నిమిషాలకు రిపోర్టు వచ్చింది. బాబాయ్ ఫోన్ చేసి మరీ చెప్పారు.

బుధవారం: మేస్త్రి లెక్క

మంగళవారం రాత్రి కూడా రిపోర్టు టైముకే వచ్చింది. బుధవారం పొద్దున హమాలీల మేస్త్రి ఆఫీసుకు వచ్చి కూలి లెక్క చెప్పాడు. రెండు రోజులకీ కలిపి ఆయన చెప్పిన టిక్కీలకీ, రిపోర్టులోని మొత్తానికీ 312 తేడా. రిపోర్టులో ఎక్కువ.

బాబాయ్ ఒక్క క్షణం కూడా మేస్త్రిని అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు. హమాలీలకు కూలి టిక్కీకి ఇంత అని. గది తలుపు పక్కన గోడ మీద సుద్దతో ఐదేసి గీతలు గీసి మేస్త్రి వేసే లెక్కలో ఒక్క టిక్కీ తగ్గితే ఆ కూలి వాళ్ల జేబులోంచి పోతుంది, ఒక్కటి పెరిగితే ఓనరు ఊరుకోరు. రెండు వైపుల నుంచీ తనిఖీ అయ్యే లెక్క అది. నా స్క్రిప్టుకు అలాంటి తనిఖీ ఒక్కటీ లేదు.

312 అంటే సరిగ్గా సోమవారం వచ్చిన సరుకు. సోమవారం ఫైలు రెండుసార్లు లెక్కలోకి వచ్చింది.

లాగ్‌లో సోమవారం రాత్రి ఒక లైను ఉంది, నేను చూడలేదు. ఫైలును తీసేయలేకపోయాను, "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అని ఎంవీ కమాండ్ చెప్పిన మాట. ఎంవీ అంటే ఫైలును జరపడం. కాటా ఫోల్డరు సీ డ్రైవులో, ఆర్కైవు డీ డ్రైవులో ఉన్నాయి. వేర్వేరు డ్రైవుల మధ్య జరపడమంటే ముందు కాపీ చేసి, ఆపైన అసలును తీసేయడమే. కాపీ అయింది. అసలును తీసేసే దగ్గర ఆగింది, ఎందుకంటే కాటా సాఫ్ట్‌వేర్ ఆ రోజు ఫైలును తేదీ మారేదాకా తెరిచే ఉంచుతుంది. లినక్స్‌లో ఒకరు తెరిచి ఉంచిన ఫైలును ఇంకొకరు తీసేసినా జరిగిపోతుంది. పేరు పోతుంది, తెరిచినవాడి చేతిలో ఫైలు ఉంటుంది. విండోస్‌లో ఫైలు తెరిచిన ప్రోగ్రాము ముందే ఒప్పుకుని ఉంటే తప్ప వేరేవాళ్లు దాన్ని తీసేయలేరు.

నేను ఆర్కైవు ఫోల్డరు చూశాను, సోమవారం ఫైలు అక్కడ భద్రంగా ఉంది. అది చూసి అంతా బాగుందనుకున్నాను. కాటా ఫోల్డరు తెరిచి చూసి ఉంటే అదే ఫైలు అక్కడ కూడా కనబడేది. మంగళవారం రాత్రి స్క్రిప్టు అక్కడున్న రెండు ఫైళ్లనూ కొత్తవే అనుకుని మొత్తంలో కలిపేసింది. శనివారం పరీక్షలో ఇది బయటపడలేదు, ఎందుకంటే నేను పరీక్షించింది కాపీల మీద. వాటిని ఎవరూ తెరిచి ఉంచలేదు.

ఇది ఫైలు జరపడంలో వచ్చిన తప్పు అని సరిపెట్టుకోవచ్చు. కానీ అసలు తప్పు స్క్రిప్టు కట్టుబాటులోనే ఉంది, ఈ కేసులో నేను స్క్రిప్టు తప్పు అని ఒప్పుకునేది ఇదొక్కటే. నిన్నటి మొత్తానికి ఈ రోజు అంకె కలిపే పద్ధతిలో, ఒక అడుగు రెండుసార్లు పడితే లెక్క పాడవుతుంది, మళ్లీ బాగుపడదు. దాన్ని మార్చాను. ఇప్పుడు స్క్రిప్టు కాటా ఫోల్డరులో దేన్నీ తీసేయదు. ఫైళ్లను కాపీ చేసుకుని, ఆర్కైవులో అదే తేదీ ఫైలు ఉంటే దాని మీదే రాస్తుంది. ఆపైన సీజన్ మొదటి రోజు నుంచి ఆర్కైవులోని ఫైళ్లన్నిటినీ చదివి మొత్తం కొత్తగా కడుతుంది. ఒకే చీటీ నంబరు రెండోసారి కనబడితే లెక్కలోకి తీసుకోకుండా లాగ్‌లో రాస్తుంది. రాత్రికి పదిసార్లు నడిపినా అదే జవాబు రావాలి. బుధవారం మధ్యాహ్నం బాబాయ్ ముందు కూర్చుని వరసగా మూడుసార్లు నడిపి చూపించాను. సోమ, మంగళవారాల రిపోర్టులు మళ్లీ తీసి, వాటి మీద ఇచ్చిన రసీదులు ఏమైనా ఉన్నాయా అని ఇద్దరం వెతికాం. రెండు రోజులుగా ఒక్కటీ ఇవ్వలేదు. అప్పటికి టెన్షన్ తగ్గింది.

తర్వాత తేలిన చిన్నవి

సీజన్ మొత్తాన్ని మొదటి నుంచీ కట్టడం మొదలుపెట్టాక వేగం దెబ్బతింది. సుమారు 2 వేల లైన్లకు 9 నిమిషాలు. పాత లూపు ప్రతి లైనుకూ కట్, గ్రెప్ లాంటివి ఐదుసార్లు పిలిచేది, అంటే 10 వేల ప్రాసెస్‌లు. యూనిక్స్‌లో ఫోర్క్ అనే సదుపాయంతో కొత్త ప్రాసెస్ పుట్టించడం చవక. విండోస్‌లో ఫోర్క్ లేదు, సిగ్విన్ దాన్ని అనుకరించడానికి కొత్త ప్రాసెస్ లేపి, పాతదాని మెమరీని అందులోకి కాపీ చేయాలి. యాంటీవైరస్ ఒక్కోదాన్నీ చూస్తుంది. లూపు తీసేసి ఒకే ఆక్ ప్రోగ్రాముగా రాశాను. 3 సెకన్లు.

ఆర్కైవు ఫైలు పేర్లలో టైము మధ్య కోలన్ పెట్టేవాణ్ణి. విండోస్ ఫైలు పేర్లలో కోలన్ ఒప్పుకోదు. సిగ్విన్ ఆపకుండా, ఆ కోలన్‌ను యూనికోడ్‌లో సొంత వాడకానికి కేటాయించిన భాగంలోని ఒక అక్షరంగా మార్చి దాస్తుంది. నాకు కోలన్‌లాగే కనబడేది, బాబాయ్‌కి ఎక్స్‌ప్లోరర్‌లో ఒక వింత గుర్తు కనబడేది. హైఫన్ పెట్టాను.

ఏప్రిల్‌లో బాబాయ్ ఇంకో సంగతి చూపించారు. రిపోర్టులో 1001 నంబరు రైతు పేరు ఎప్పుడూ ఖాళీ. మిగతా పేర్లన్నీ తెలుగులో చక్కగా వస్తున్నాయి. ఆ జాబితాలో మొదటి లైను 1001దే. ఈసారి నేను స్క్రిప్టు తెరవలేదు. ఓడీ కమాండ్‌తో జాబితా ఫైలు మొదటి పది బైట్లు చూశాను. 1001కి ముందు మూడు బైట్లు ఉన్నాయి: 239, 187, 191. ఇది యూటీఎఫ్-8 ఫైలు అని చెప్పడానికి ఎక్సెల్ తన "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఆప్షన్‌లో మొదట్లో పెట్టే గుర్తు. ఎక్సెల్ దాన్ని చూపించదు, ఆక్ దృష్టిలో అది నంబరులో భాగం. 13లను కడిగే గుమ్మం దగ్గరే దీన్ని కూడా తీసేసే లైను చేర్చాను. వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి సరిచేసేదాకా పది నిమిషాలు పట్టింది.

ఇప్పుడు స్క్రిప్టు పని మొదలుపెట్టే ముందు లాగ్‌లోకి కొన్ని లైన్లు రాస్తుంది: నడుస్తున్న బాష్ ఏది, ఫైండ్, సార్ట్, ఆక్ ఏ ఫోల్డరులోవి, ఏ ఫోల్డరులో ఉన్నాను, వచ్చిన ఫైల్లో 13లు ఎన్ని. ఏ కమాండ్ ఫెయిలైనా అక్కడే ఆగి, రిపోర్టు బదులు ఆ ఎర్రర్ ఉన్న ఫైలు బాబాయ్ డెస్క్‌టాప్ మీద పెడుతుంది. రిపోర్టు చివర కొత్తగా ఒక గడి ఖాళీగా వస్తుంది. అందులో మేస్త్రి చెప్పిన అంకెను బాబాయ్ చేత్తో రాస్తారు, పక్కన స్క్రిప్టు అంకె ఉంటుంది. రెండూ కలిస్తేనే ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది.